నకలు లేని అమరిక

వికారాబాదు, తాండూరు ప్రాంతాలలో భూమి గల అనేక ఇళ్లలో ఒక పాత ఇనుపపెట్టె ఉంటుంది. అందులో 1954-55 నాటి ఖాస్రా పహాణీ నకలును పెద్దలు భద్రంగా దాచి ఉంచుతారు. నకలు విలువ ఇంతగా ఎరిగిన మనం, కళాశాల కంప్యూటర్లలో మన చేతులతో కూర్చుకున్న అమరికలకు మాత్రం నకలు తీయించము.

గత సంవత్సరం మా ప్రయోగశాల యంత్రాలకు మరమ్మతు జరిగింది. వచ్చినవారు ఆపరేటింగ్ సిస్టమ్‌ను కొత్తగా ఎక్కించి వెళ్లారు. విద్యార్థుల ఫైళ్లు క్షేమంగానే ఉన్నవి. తెలుగు కీబోర్డు లేదు, ఉర్దూ కీబోర్డు లేదు. తెలంగాణ అంతటా ఉర్దూ రెండవ అధికార భాష కావాలని 2017లో శాసనం వచ్చింది గదా, మా గదిలో మాత్రం రెండు భాషలూ ఒక్క పూటలో మాయమైనవి. సంచికకు వ్యాసాలు టైపు చేయవలసిన వేళ, యంత్రం తరువాత యంత్రం ముందు కూర్చొని మెనూలు వెదకుతూ రెండు రోజులు గడిపాము. దీనిని యంత్రదోషమని మేము అనలేము. ముందుచూపు లేనిది మనకే.

విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరచి, 'రెగ్ ఎక్స్‌పోర్ట్' అని వ్రాసి, దాని ప్రక్కన రిజిస్ట్రీ శాఖ పేరు, ఫైలు పేరు చేర్చితే చాలును. 'కీబోర్డ్ లేఅవుట్' శాఖ ఒకటి, 'కంట్రోల్ పానెల్' క్రింద ఉన్న 'ఇంటర్నేషనల్' శాఖ మరొకటి, రెండూ తీయాలి. ఎవరి ఖాతాలో ఆదేశం ఇస్తే వారి అమరికే వస్తుంది. ఆ ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరచి చదువుకోవచ్చు. తెలుగు కీబోర్డు అందులో 0000044ఎ అనే సంఖ్యగా కనిపిస్తుంది. మౌసుతో చేసిన మార్పులకు జాడ మిగలదు. ఇక్కడ నిన్నటి ఫైలును నేటి ఫైలుతో పోల్చి, ఏది మారిందో వేలు పెట్టి చూపవచ్చు. మేము ఈ పద్ధతిని సమర్థించడానికి ముఖ్య కారణం ఇదే. ఉబుంటు వాడేవారికి 'డీకాన్ఫ్ డంప్' ఉన్నది.

అయితే పరిమితులు లేకపోలేదు. 'రెగ్ ఇంపోర్ట్' ఫైలులోని విలువలను చేర్చుతుంది, ఉన్నవాటిని మార్చుతుంది, ఫైలులో లేనివాటిని తొలగించదు. ఫాంట్లు దాని వెంట రావు. ఒక యంత్రపు రిజిస్ట్రీ మొత్తాన్ని వేరొక దానిలో కుమ్మరించడం అవివేకం. 'నెట్‌ష్' ఆదేశంతో వైఫై అమరికలు తీసేటప్పుడు 'కీ=క్లియర్' అని చేర్చితే పాస్‌వర్డు బట్టబయలుగా ఫైలులో పడుతుంది; అట్టి ఫైలును పెన్‌డ్రైవులో వేసుకొని తాండూరు రైలెక్కడం తగదు.

యంత్రాలు కొనడంలో కమిటీవారు ఏనాడూ వెనుదీయలేదు. మా కోరికకు ఖర్చు లేదు. యంత్రాన్ని మరమ్మతుకు అప్పగించే ముందు ఈ ఫైళ్లు తీసి, తేదీ వేసి, ఒక ప్రతి ప్రయోగశాలలోను, ఒక ప్రతి గ్రంథాలయంలోను ఉంచే నియమం చేయవలెను. హాజరు పిలిచేంత సమయం కూడా పట్టదు. పనిని తృతీయ సంవత్సరం విద్యార్థులకే అప్పగించవచ్చు, ఉర్దూ చదివేవారినీ తెలుగు చదివేవారినీ జతలుగా కూర్చి. వేసవి సెలవులలో మరల మరమ్మతు ఉన్నదని విన్నాము. అంతకు ముందే మొదలుపెట్టాలి.