ఉక్కపోత చాటున వడదెబ్బ: జొన్నాడ గ్రామస్థులకు విజ్ఞప్తి

గౌతమీ గోదావరి ఒడ్డునున్న జొన్నాడ వంటి డెల్టా గ్రామాల్లో, ఎండల హెచ్చరికలు రెంటచింతలకో రామగుండానికో సంబంధించినవనీ, కొబ్బరిచెట్ల నీడన, కాలువల పక్కన బతికేవారికి అంత భయం లేదనీ భావించడం కద్దు. ఈ భావన ప్రాణాంతకమైనది. మనిషి శరీరం లోపలి వేడిని ప్రధానంగా చెమట ఆవిరి కావడం ద్వారానే వదిలించుకుంటుంది; గాలిలో తేమ పెరిగినప్పుడు చెమట కారుతుందే గాని ఆరదు కనుక, తేమతో నిండిన 38 డిగ్రీల ఉక్కపోత మెట్టప్రాంతపు 43 డిగ్రీల పొడి ఎండకు ఏమాత్రం తీసిపోదు. వడగాలుల నిర్ధారణకు భారత వాతావరణ శాఖ మైదానాల్లో 40 డిగ్రీలను కనీస హద్దుగా పాటిస్తూ, తీరప్రాంతానికి 37 డిగ్రీలనే తీసుకోవడం గమనార్హం.

2015 మే నెలలో వీచిన వడగాలులకు ఆంధ్రప్రదేశ్‌లోనే వెయ్యి మందికి పైగా మరణించారు. ప్రపంచ వాతావరణ సంస్థ లెక్క ప్రకారం 2024లో భూగోళపు సగటు ఉష్ణోగ్రత, పారిశ్రామిక యుగానికి ముందున్న స్థాయిని సుమారు 1.55 డిగ్రీలు మించింది. గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం అదనంగా నీటి ఆవిరిని ఇముడ్చుకోగలదు కాబట్టి, ఎండతో పాటు ఉక్క కూడా పెరుగుతుంది.

అందువల్ల మొదటి విజ్ఞప్తి పని చేయించేవారికి. దాళ్వా కోతల్లోనూ, ఇటుక బట్టీల్లోనూ, ఇసుక ర్యాంపుల్లోనూ పదకొండు గంటల నుంచి నాలుగు గంటల వరకు పని ఆపి, తెల్లవారుజామునా సాయంత్రమూ చేయించాలి; ఆ కారణంగా కూలి తగ్గించరాదు. వెయ్యి ఇటుకల లెక్కన కూలి దక్కే మనిషి, ఆగితే పూట గడవదని తెలిసి, కళ్లు తిరుగుతున్నా ఆగడు. నీడ, మంచినీళ్లు, ఉప్పు కలిపిన మజ్జిగ పనిచోటనే ఉండాలి. ఇది దయతో చేసే దానం కాదు, యజమాని బాధ్యత.

రెండో విజ్ఞప్తి గ్రామస్థులందరికీ. ఎండలోనో ఉక్కలోనో ఉన్న మనిషికి మాట తడబడినా, మతి తప్పినా, ఒళ్లు కాలిపోతున్నా అది వడదెబ్బ, అంటే శరీరపు లోపలి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటి మెదడు దెబ్బతినే స్థితి, అయి ఉండవచ్చు. చెమట పడుతున్నంత మాత్రాన ప్రమాదం లేదనుకోరాదు. వెంటనే 108కి ఫోన్ చేసి, వాహనం వచ్చేలోగా నీడకు చేర్చి, ఒళ్లంతా నీళ్లతో తడుపుతూ విసరాలి. స్పృహ లేనివారి నోట్లో నీళ్లు పోయరాదు. జ్వరం మాత్రలు ఈ వేడిని తగ్గించలేవు.

రేకుల ఇళ్లలో ఒంటరిగా ఉండే వృద్ధులను ఇరుగుపొరుగువారు రోజుకు రెండుసార్లైనా పలకరించాలి. బీపీకి, గుండెజబ్బుకు మూత్రం ఎక్కువగా పోయే మాత్రలు వాడేవారు వేసవి ముదరకముందే మోతాదు గురించి వైద్యుణ్ణి అడగాలి.