గూడేనికి పుస్తకాల ఇల్లు

పట్టణాల్లో ఆధునిక గ్రంథాలయ భవనాలు కట్టాలంటున్నారు. కట్టండి, మేము వద్దనం. మరి గూడెం వంతు ఎప్పుడు?

లెక్క చూద్దాం. 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్నుగా వసూలవుతుంది. కరీంనగర్‌లో మేడలున్నాయి, కాబట్టి పైసలున్నాయి. జైనూరు, నార్నూరు గూడేల్లో మట్టిగోడలకు ఎంత పన్ను వస్తుంది? అంటే ఇల్లు పెద్దగున్న చోటే చదువూ పెద్దగుండాలా? ఈ లోటును ఐటీడీఏ నిధులతో పూడ్చాలి.

ఎట్లా కట్టాలో కూడా మమ్మల్నే అడగాలి. ఎండాకాలం ఉడికించే అద్దాల గోడలు, కరెంటు పోతే పనిచేయని ఏసీలు మాకెందుకు? ఎత్తయిన పునాది, పెంకు కప్పు, చుట్టూ వెడల్పాటి అరుగు చాలు. పగలు పిల్లలు చదువుకుంటారు. రాత్రి పెద్దలు కథ చెబితే అదే అరుగు మీద రాసుకుంటాం. చెదలు, చెమ్మ చేరని గది ఒకటి రాతప్రతులకు ఉండాలి.

ఆదివాసులకు రాతప్రతులెక్కడివి అనకండి. నార్నూరు మండలం గుంజాలలో దొరికిన గోండి లిపి 2018లో యూనికోడ్‌లో చేరింది. మన గ్రంథాలయాల్లో దానికి ఎన్ని అరలు దొరికాయి? మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ 1943లోనే మొదలైంది. ఎనభై ఏండ్లు దాటినా గోండి, కొలామి పుస్తకాలకు ఒక ఇల్లు అడుక్కోవాల్సి రావడం ఎవరికి సిగ్గుచేటు?

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, తోటి టీచర్లారా! 1996 నాటి పెసా చట్టం ప్రకారం మన ఊరి అభివృద్ధి పనులకు గ్రామసభ ఆమోదం ఉండాలి. వచ్చే సభలోనే తీర్మానం పెడదాం. జాగా మనమే చూపిద్దాం, పనిలో చెయ్యి వేద్దాం. తాళంచెవి మాత్రం ఊళ్లోనే ఉండాలి.