గూడబాతుల్ని చూడ్డానికి పులిహోర ఎందుకండీ?

మా ఇంట్లో ఎక్కడికి వెళ్లాలన్నా ముందు బయల్దేరేది టిఫిన్ క్యారేజీ. మీ ఇంట్లోనూ అంతేనేమో. కార్తీకమాసంలో వనభోజనాలంటే సరే, పేరులోనే భోజనం ఉంది. కానీ పక్షుల్ని చూడ్డానికి వెళ్తూ కూడా ఇరవై మందికి పులిహోర కలుపుకుని వెళ్లాలా?

ఆటపాక నేను మొదటిసారి వెళ్లింది నాలుగేళ్ల కిందట, ఇలాగే జనవరి చలిలో. కైకలూరు పక్కన కొల్లేటి పక్షుల కేంద్రం అది. ఆవేళ తెల్లవారుజామున మూడింటికి లేచాను. పులిహోర, దద్దోజనం, గారెలు, బంగాళాదుంప వేపుడు. అక్కడికెళ్లాక చాప పరిచి, విస్తళ్లు వేసి, వడ్డించి, ఎత్తేసరికి ఎండెక్కింది. అందరూ రెండు విడతలుగా పడవెక్కి వచ్చారు. గిన్నెల దగ్గర ఎవరో ఒకరు ఉండాలి కదా, కుక్కలొస్తాయి. ఆ ఒకరు నేనే. పక్షుల్ని ఇంటికొచ్చాక ఫోన్లో చూశాను. నన్నెవరూ పడవెక్కొద్దనలేదు, నిజమే. రమ్మని కూడా ఎవరూ అనలేదు.

నాకు వండటం కష్టం కాదండి, ఇష్టమే. కాపలా కాయడమే కష్టం. వండిన చెయ్యి వడ్డించాలి, వడ్డించిన చెయ్యి కడగాలి, కడిగినవి లెక్కపెట్టి సంచిలో సర్దాలి. వంటిల్లు కొల్లేటి ఒడ్డుకి మారిందంతే.

ఈ ఏడు సంక్రాంతికి ఆడపడుచు వాళ్లొచ్చారు. కనుమ మర్నాడు మళ్లీ ఆటపాక మాట వచ్చింది. "నేనేమీ వండనండి. వస్తే నేనూ పక్షుల్ని చూస్తాను" అన్నాను.

"మరి పిల్లలేం తింటారే అమ్మాయ్?" అన్నారు అత్తయ్యగారు.

"దార్లో ఇడ్లీలు తింటారండి. మనకి పక్కనే తాపేశ్వరం కాజాలున్నాయి, అరటిపళ్లున్నాయి."

మావారు పేపర్లోంచి తలెత్తి, మళ్లీ దించేసుకున్నారు. బయటి తిండి పడదన్నారు, ఖర్చన్నారు. పడనిది ఒక్క పూటే. ఖర్చంటారా, ఇరవై మంది వంటకి నూనె, చింతపండు, గ్యాసు ఊరికే వస్తాయా? నా నిద్ర లెక్కలోకి రాదు కాబట్టి ఇంటి వంట చవకగా కనిపిస్తుంది.

మొత్తానికి వెళ్లాం. జొన్నాడ దగ్గర గౌతమి, సిద్ధాంతం దగ్గర వశిష్ఠ దాటి, భీమవరం, ఆకివీడు మీదుగా. ఆకివీడు దాటాక ఎటు చూసినా చేపల చెరువులే. కొల్లేరు ఇదేనా అనిపిస్తుంది. బుడమేరు, తమ్మిలేరు తెచ్చిన నీళ్లు నిలిచే పల్లం ఇది, ఇక్కడినుంచి ఉప్పుటేరు మీదుగా సముద్రంలోకి పోతాయి. 1999లో అభయారణ్యమన్నారు, 2002లో రామ్‌సర్ జాబితాలో చేరింది. 2006లో అభయారణ్యంలోని చెరువుల గట్లు చాలా కొట్టించారు. అయినా చెరువులు కనిపిస్తూనే ఉన్నాయి. ఆ చేపలు తినేది మనమే కాబట్టి నేనెక్కువ మాట్లాడను.

పడవ కదిలాక నాకు మాట రాలేదు. నీళ్ల మధ్య చెట్ల మీదా, చెట్లు చాలక అటవీ శాఖవాళ్లు నిలబెట్టిన ఇనుప స్టాండ్ల మీదా గూళ్లే గూళ్లు. ఎర్రకాళ్ల కొంగలు, నత్తగుల్ల కొంగలు, అన్నిటికంటే ఎక్కువగా గూడబాతులు. సైబీరియా నుంచి వచ్చాయని మా వాళ్లంతా ఒకరికొకరు చెప్పుకున్నారు. చలికాలానికి ఉత్తరాది నుంచి వచ్చే బాతులు వేరే ఉన్నాయి. గూడబాతు మాత్రం మన దక్షిణాసియా పక్షే. ఇంట్లో ఉన్న మనిషికంటే దూరం నుంచి వచ్చిన చుట్టానికే మర్యాదెక్కువ మనకి!

ఒక గూటిలో పిల్ల, పెద్దదాని ముక్కు కింద సంచిలోకి తల మొత్తం దూర్చేసి తింటోంది. "చూశారా తల్లి ప్రేమ!" అన్నారు ఆడపడుచు భర్త. పడవ నడిపే అబ్బాయి నవ్వాడు. "తల్లో తండ్రో చెప్పలేమండి, రెండూ ఒక్కలాగే ఉంటాయి. రెండూ పొదుగుతాయండి, రెండూ మేపుతాయండి" అన్నాడు. పడవలో ఎవరూ మాట్లాడలేదు. మావారు గూళ్లకేసి చాలా శ్రద్ధగా చూశారు.

పడవ ఒడ్డుకొచ్చింది. అందరూ దిగుతున్నారు. అత్తయ్యగారు మాత్రం కదల్లేదు. ఎన్ని వనభోజనాలకి గిన్నెల దగ్గర కూర్చున్నారో ఆవిడ, నేను ఈ ఇంటికి రాకముందు నుంచీ. కొంగు సర్దుకుని, నా చెవిలో అన్నారు, "ఇంకోసారి తిప్పుతాడేమో అడగవే."

అడిగాను. ఇద్దరమే వెళ్లాం. ఒడ్డున పిల్లలు కాజాల పొట్లం విప్పారు, కాపలా అక్కర్లేకుండానే అయిపోయింది.

రాత్రి మండపేట చేరేసరికి అందరికీ ఆకలి. అన్నం, చారు పెట్టాను. అప్పడాలు మావారు వేయించారు. నాలుగు మాడాయి. మాడినవి ఆయనే తిన్నారు.