కాల్చేసిన యూనిఫాం... గెలుచుకున్న కప్పు

డెల్టా అనగానే బెజవాడ వాళ్ల కళ్లముందు కదిలేవి బందరు కాల్వ, ఏలూరు కాల్వ, రైవస్ కాల్వ... వాటి వెంట గుడివాడ, బందరు దాకా పరుచుకున్న వరిచేలు. అమెరికాలోనూ ఒక డెల్టా ఉంది. మిసిసిపి డెల్టా. పేరుకు డెల్టాయే గానీ సముద్రానికి చాలా దూరం. మిసిసిపి, యాజూ నదుల మధ్య ఉన్న ఒండ్రు నేల. అక్కడి పంట పత్తి. ఆ పత్తిచేల నడుమ క్లీవ్‌లాండ్ అనే చిన్న ఊరు. ఆ ఊళ్లో డెల్టా స్టేట్ విశ్వవిద్యాలయం. మహిళల బాస్కెట్‌బాల్ చరిత్ర రాసేవాళ్లెవరూ ఆ పేరు రాయకుండా ముందుకెళ్లలేరు.

అది 1932. అప్పటికి డెల్టా స్టేట్ ఇంకా టీచర్ల శిక్షణ కాలేజీయే. ఉన్నట్టుండి అమ్మాయిల బాస్కెట్‌బాల్ జట్టును ఎత్తేశారు. కారణం... ఆ ఆట శ్రమను సుకుమారులైన ఆడపిల్లలు తట్టుకోలేరట! ఎవరు తట్టుకోలేరు? అంతకుముందు మూడేళ్లలో 28 మ్యాచ్‌లు గెలిచి, ఐదే ఐదు ఓడిన అమ్మాయిలు. వాళ్లు ఏడ్చారు. చేయగలిగిందేమీ లేక యూనిఫాంలను తగలబెట్టారు. ఆ జట్టు కెప్టెన్ పేరు మార్గరెట్ వేడ్. ఆమెకు అప్పటికి ఇరవై ఏళ్లు కూడా నిండలేదు.

గీత దాటొద్దు!

ఆ మాట ఒక్క కాలేజీది కాదు. బాస్కెట్‌బాల్ పుట్టింది 1891 డిసెంబరులో. మసాచుసెట్స్ రాష్ట్రం స్ప్రింగ్‌ఫీల్డ్‌లో జేమ్స్ నాయిస్మిత్ అనే వ్యాయామ ఉపాధ్యాయుడు, చలికాలంలో కుర్రాళ్లను నాలుగు గోడల మధ్య ఆడించడానికి రెండు పీచ్ పండ్ల బుట్టలు వేలాడదీసి మొదలుపెట్టిన ఆట ఇది. మరుసటి ఏడాదే, అక్కడికి దగ్గర్లోని స్మిత్ కాలేజీలో సెండా బెరెన్సన్ అనే అధ్యాపకురాలు దీన్ని అమ్మాయిలకు నేర్పింది. కాకపోతే కోర్టును మూడు ముక్కలు చేసింది. ఎవరి ముక్కలో వాళ్లే ఉండాలి. గీత దాటకూడదు. ఎదుటివాళ్ల చేతిలోంచి బంతి లాక్కోకూడదు. మూడుసార్లకు మించి బంతిని నేలకు కొట్టకూడదు. అమ్మాయిలకు ఆట దక్కింది, పరుగే దక్కలేదు.

1923 తర్వాత ఇంకో వాదం బలపడింది. ఆడపిల్లలకు పోటీలు వద్దు, ఆరోగ్యం కోసం సరదాగా ఆడుకుంటే చాలు అని. ఆ ఉద్యమానికి ముందు నిలిచింది లూ హెన్రీ హూవర్. మార్గరెట్ జట్టు రద్దయిన 1932లో ఆమె భర్తే అమెరికా అధ్యక్షుడు. ఎన్నో కాలేజీల్లో అమ్మాయిల జట్లు అలాగే మూతపడ్డాయి. కాలేజీ అమ్మాయిలు అబ్బాయిల్లా ఐదుగురేసి కోర్టంతా పరుగెడుతూ ఆడే నిబంధన స్థిరపడేసరికి 1971 వచ్చింది.

కోచ్ ఉంది... జట్టు లేదు

మార్గరెట్ ఊరుకోలేదు. టుపెలోలో ఒక సెమీ ప్రొఫెషనల్ జట్టుకు రెండేళ్లు ఆడింది. మోకాలు దెబ్బతింది. ఆట ఆగింది. కోచింగ్ మొదలైంది. క్లీవ్‌లాండ్ హైస్కూల్లో 19 ఏళ్లు అమ్మాయిలకు శిక్షణ ఇచ్చింది. ఆ జట్లు గెలిచిన మ్యాచ్‌లు 453! 1959లో తను చదివిన డెల్టా స్టేట్‌కే అధ్యాపకురాలిగా వెళ్లింది. జిల్లాలో పేరున్న కోచ్ కాలేజీలోనే ఉంది. కానీ ఆమె నేర్పడానికి అక్కడ జట్టే లేదు. అలా 14 ఏళ్లు!

1972లో అమెరికా ఒక చట్టం చేసింది. ప్రభుత్వ నిధులు అందుకునే ఏ విద్యాసంస్థా చదువులో గానీ, ఆటల్లో గానీ ఆడా మగా తేడా చూపకూడదు. టైటిల్ నైన్‌గా పేరుపడ్డ ఆ చట్టంతో కాలేజీలు మళ్లీ అమ్మాయిల జట్ల వైపు చూశాయి. 1973లో డెల్టా స్టేట్ తన జట్టును పునరుద్ధరించింది. కోచ్ ఎవరు? ఇంకెవరు... యూనిఫాం కాల్చిన ఆ కెప్టెనే. అప్పటికి ఆమె వయసు అరవై.

పత్తి చేలోంచి...

అదే ఏడాది జట్టులోకి వచ్చింది లూసియా హ్యారిస్. మింటర్ సిటీ అనే పల్లెలో పుట్టిన నల్లజాతి అమ్మాయి. 11 మంది సంతానంలో ఒకరు. తోబుట్టువులతో కలిసి పత్తి ఏరింది. ఎత్తు ఆరడుగుల మూడంగుళాలు. బడిలో పిల్లలు ఆ పొడవు చూసి ఏడిపించేవాళ్లు. రాత్రిళ్లు అమ్మ నిద్రపొమ్మంటే దుప్పటి ముసుగేసుకుని, టీవీలో ఆస్కార్ రాబర్ట్‌సన్ ఆట చూసేది. మొదట ఆమె చేరాలనుకున్న కాలేజీలో అమ్మాయిలకు జట్టే లేదు. డెల్టా స్టేట్ వాళ్లు పిలిచారు. ఆటకు స్కాలర్‌షిప్ లేదు. చదువుకు వచ్చిన సాయంతో, క్యాంపస్‌లో పనిచేస్తూ ఆడింది. జట్టులో నల్లజాతి అమ్మాయి ఆమె ఒక్కతే.

రెండో సీజన్‌లో ఆ జట్టు 28 మ్యాచ్‌లు ఆడింది. 28 గెలిచింది. 1975 జాతీయ ఫైనల్లో ఎదురుగా ఉన్నది ఇమాక్యులేటా. అంతకుముందు మూడేళ్లూ కప్పు ఆ కాలేజీదే. దాని మ్యాచ్‌లకు నన్స్ వచ్చి బకెట్లు వాయిస్తూ హోరెత్తించేవారు. ఆ హోరును డెల్టా స్టేట్ 90-81తో ఆపింది. 1976లో మళ్లీ ఆ జట్టునే ఓడించింది. 1977లో లూసియానా స్టేట్‌ను ఓడించి వరుసగా మూడో కప్పు పట్టింది. మధ్యలో 51 మ్యాచ్‌ల పాటు ఓటమన్నదే లేదు. తట్టుకోలేరన్న ఆడపిల్లలు వీళ్లే!

ఒలింపిక్స్‌లో మహిళల బాస్కెట్‌బాల్ మొదలైంది 1976లో, మాంట్రియల్‌లో. ఆ పోటీల్లో మొట్టమొదటి బుట్ట వేసింది లూసియా. అమెరికాకు రజతం వచ్చింది. 1977లో న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ఒక్క మ్యాచ్‌లో ఆమె చేసిన పాయింట్లు 47. కాలేజీ జీవితం మొత్తంలో 2,981.

ఆ తర్వాత?

ఇక్కడే కథ మెలిక తిరుగుతుంది. డిగ్రీ అయిపోయింది. ప్రపంచంలోకెల్లా గొప్ప క్రీడాకారిణికి ఆడుకోవడానికి చోటు లేదు. అమెరికాలో మహిళలకు అప్పటికి ప్రొఫెషనల్ లీగే లేదు. 1977లో న్యూ ఆర్లీన్స్ జాజ్ అనే పురుషుల జట్టు డ్రాఫ్ట్‌లో ఆమె పేరు ఎంచుకుని సంచలనం సృష్టించింది. లూసియా వెళ్లలేదు. అప్పటికామె గర్భవతి. తర్వాత వచ్చిన ఒక మహిళల లీగ్‌లో కొద్దికాలం ఆడింది గానీ, ఆ లీగ్ కూడా ఎక్కువ రోజులు నిలవలేదు. మానసిక అనారోగ్యంతో పోరాడుతూనే, తను చదివిన బడిలో పిల్లలకు పాఠాలూ ఆటా నేర్పింది. నిలదొక్కుకున్న లీగ్ డబ్ల్యూఎన్‌బీఏ 1997లో మొదలయ్యేసరికి ఆమెకు 42 ఏళ్లు.

1992లో ఆమెను బాస్కెట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చారు. దుప్పటి ముసుగులోంచి చూసిన ఆస్కార్ రాబర్ట్‌సనే ఆ రోజు వేదికపై ఆమె పక్కన నిలబడ్డాడు. 2022 జనవరిలో లూసియా కన్నుమూసింది. రెండు నెలలకు, ఆమె మీద తీసిన ‘ద క్వీన్ ఆఫ్ బాస్కెట్‌బాల్’ అనే లఘుచిత్రానికి ఆస్కార్ వచ్చింది. చూసుకోవడానికి ఆమె లేదు.

మరి మన డెల్టాలో...

లూసియా మాంట్రియల్‌లో ఆడిన 1976లోనే బెజవాడ, గుంటూరుల నడుమ నాగార్జున విశ్వవిద్యాలయం పుట్టింది. 2008లో బందరులో కృష్ణా విశ్వవిద్యాలయం వచ్చింది. కాలేజీ జట్టులో ఆడే అమ్మాయికి యూనివర్సిటీ జట్టు ఒక మెట్టు. అక్కణ్నుంచి దక్షిణ మండల అంతర్ విశ్వవిద్యాలయ పోటీలు, గట్టెక్కితే అఖిల భారత పోటీలు. ఆ తర్వాత? మన దేశంలో ఆ ప్రశ్నకు దొరికిన జవాబు రైలుబండి. స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం ఇచ్చి, ఆటకు సెలవిచ్చే రైల్వేలు ఎందరో అమ్మాయిలను కోర్టులో నిలబెట్టాయి. జాతీయ పోటీల్లో రైల్వే మహిళల జట్టు ఏళ్ల తరబడి మహారాణిలా వెలిగింది అందుకే. జంక్షన్ ఊరైన బెజవాడకు ఈ సంగతి ఒకరు చెప్పక్కర్లేదు. 1977 అమెరికాలో లూసియాకు దొరకనిది అలాంటి ఆసరానే.

అయితే ఆ ఉద్యోగాలు కొన్నే. వాటి దాకా వెళ్లేవాళ్లూ కొందరే. మిగిలినవాళ్లకు డిగ్రీ చివరి పరీక్షతోనే ఆటా ముగుస్తుంది. కూతురు కాలేజీలో చేరేటప్పుడు ఫీజెంత, ప్లేస్‌మెంట్లెన్ని అని అడిగే తల్లిదండ్రులు ఇంకో రెండు ప్రశ్నలు కూడా అడగొచ్చు. అమ్మాయిలకు జట్టుందా? నేర్పడానికి కోచ్ ఉన్నారా?

మార్గరెట్ వేడ్ 1979లో రిటైరైంది. కోచ్‌గా ఆరు సీజన్లలో 157 గెలుపులు, 23 ఓటములు. అమెరికాలో ఉత్తమ కాలేజీ క్రీడాకారిణికి ఏటా ఇచ్చే ట్రోఫీకి ఆమె పేరే పెట్టారు. ఆ జట్టును ఎత్తేయడానికి కాలేజీ పెద్దలకు ఒక్క మాట సరిపోయింది. తిరిగి నిలబెట్టడానికి 41 ఏళ్లు పట్టింది. ఆ మధ్యలో చదువుకుని వెళ్లిపోయిన లూసియాలు ఎందరో... ఏ స్కోరుబోర్డూ చెప్పదు.