గంటల లెక్కయే ట్రాక్టరునకు ఆయువు

మన నల్లగొండ, మహబూబునగరు ప్రాంతములు చిరకాలము మెట్టసేద్యమునకు పేరుపడినవి. జొన్న, ఆముదము పండు చల్క నేలలలో జత యెడ్లును ఒక నాగలియు నున్నచో కాపుదనము సాగెడిది. 1967 లో నాగార్జునసాగరు కాలువలకు నీరు వదలిన పిమ్మట నల్లగొండ దక్షిణ భాగమునను, తరువాత జూరాల, కల్వకుర్తి, నెట్టెంపాడు పథకముల మూలమున పాలమూరు సీమయందును వరిమళ్లు విస్తరించినవి. నీటి వెంట ట్రాక్టరు వచ్చినది. ఒకప్పుడు దుక్కినాళ్లలో మాత్రము కదలుచుండిన బండి నేడు దమ్మునకు, ఎరువులకు, ధాన్యము తోలుటకు వానకాలము, యాసంగి యను భేదము లేక తిరుగుచున్నది. పని పెరిగినది, పోషణ మాత్రము పాత లెక్కనే నిలిచియున్నది. ఇది నష్టదాయకమని సభ్యులకు మనవి చేయుచున్నాము.

ఎద్దు అలసినచో నురుగు గ్రక్కును, కాడి క్రింద మోకరిల్లును. యజమాని చూచి విప్పును. యంత్రమునకు అట్టి నోరు లేదు. దాని శ్రమను తెలుపునది గంటల మీటరు మాత్రమే. పెక్కు ట్రాక్టరులకు సుమారు 250 గంటలకొకసారి ఇంజను ఆయిలు మార్చవలెనని చెప్పుదురు. మీ బండితో వచ్చిన పుస్తకములోని లెక్కయే మీకు ప్రమాణము. దినమునకు 2 గంటలు నడచు బండికి ఆ గడువు 125 దినములు. నాట్ల కాలమున దినమునకు 10 గంటలు నడచు బండికి 25 దినములే. “పంటకొకసారి మార్చుదుము” అను వాడుక మొదటి బండికి సరిపోవచ్చును గాని రెండవదానికి చేటు.

మన నేలలు సైతము యంత్రమునకు కఠినమైనవి. ఎండకాలపు చల్క దుక్కిలో లేచు దుమ్ము గాలి ఫిల్టరును నింపును. దానిని శుభ్రపరుపనిచో ఇంజను పొగ చిమ్మును, డీజిలు ఎక్కువ త్రాగును. దుమ్ము లోనికి జొరబడినచో పిస్టను రింగులు అరిగిపోవును. దమ్ములో దిగిన బండికి బురదనీరు సీళ్ల గుండ చొచ్చును. గేరుపెట్టె ఆయిలు పాలవలె తెల్లబారినచో నీరు చేరెనని యెఱుంగవలెను. ప్రతి సాయంకాలము బండిని కడిగి, కీళ్లకు గ్రీజు పెట్టుట యిందుకే. ఇరుసునకు కందెన వేయక బండి కట్టని మన తాతలకు ఇది క్రొత్త పాఠము కాదు.

“పని ముమ్మరములో బండి నిలుపుట యెట్లు? ఆనాటి కిరాయి పోదా?” యని కొందఱందురు. ఆయిలు మార్చుటకు ఒక పూట చాలును. ఇంజను పట్టివేసినచో దినములు గడచిపోవును. అంతవఱకు మడి కాచుకొనియుండును గాని నారు కాచుకొనదు. ముదిరిన నారు పిలకలు సరిగ వేయదు. ఈ నష్టము వరుసలో కడపట నిలిచిన చిన్న రైతునకే ముందుగా తగులును. సొంత బండి లేనివాడతడే.

సంఘములు కిరాయికిచ్చు ట్రాక్టరుల విషయమున జాగ్రత్త మఱింత యవసరము. “ఉమ్మడి బఱ్ఱె పుచ్చి చచ్చె” నను సామెత యూరక పుట్టలేదు. 1932 లో నిజాము రైల్వేవారు 27 బస్సులతో ఆరంభించిన రవాణా శాఖయే కాలక్రమమున నేటి ఆర్టీసీకి మూలమైనది. అచట బస్సునకు డిపో, డిపోయందు మరమ్మతుల పని కలవు; డ్రైవర్లు మారినను బండి లెక్క చెడదు. మనమును అట్లే చేయవలెను. ప్రతి బండికి ఒక పుస్తకముంచి, ఎవరు ఎన్ని గంటలు నడపిరో, ఆయిలు, ఫిల్టరు ఎప్పుడు మార్చిరో వ్రాయవలెను. ప్రతి గంట కిరాయిలో కొంత భాగము పోషణ నిధిగా వేరుంచి, దానిని లాభముగా పంచరాదు. ధాన్యము తోలుటకు ముందు ట్రాలీ బ్రేకులు, కొక్కెము, వెనుక దీపములు చూడవలెను. 65వ, 44వ జాతీయ రహదారులపై రాత్రివేళ దీపము లేని ట్రాలీ ప్రాణములకే ముప్పు.

బండి యెక్కువ నడచుట సంపాదనకు గుర్తు. ఆ సంపాదనలో బండికిని పాలు కలదు. దాని పాలు దానికి గంట గంటకు ఇచ్చినచో అప్పు తీరువఱకే గాక తీరిన పిదపను అది మనకు పనిచేయును. రాబోవు సర్వసభ్య సమావేశమున ఈ పుస్తకము, ఈ నిధి విషయమై తీర్మానము చేయుదురు గాక.