బంకుబాబుకు దొరకని అండ

సత్యజిత్ రాయ్ 1962లో ‘సందేశ్’ పిల్లల పత్రికకు రాసిన ‘బంకుబాబుర్ బంధు’ కథలో బంకుబాబు ఓ పల్లె బడిపంతులు, 22 ఏళ్లుగా భూగోళం, బెంగాలీ చెబుతున్న మెతక మనిషి. పిల్లలు నల్లబల్ల మీద ఆయన బొమ్మ గీసి నవ్వినా, కుర్చీకి జిగురు పూసినా ఓర్చుకుంటాడు. సాయంత్రం వకీలు శ్రీపతి ఇంట్లో చేరే పెద్దమనుషుల ఎగతాళి మాత్రం ఆయన్ని లోలోపల తినేస్తుంది. ఒక రాత్రి వెదురు తోపులో దిగిన ఆంగ్ అనే గ్రహాంతరవాసి ఆయనకు ఉత్తర ధ్రువాన్నీ బ్రెజిల్ అడవినీ చూపించి, ఇంత అణిగిమణిగి బతకడం తగదని చెప్పిపోతాడు. మర్నాడే బంకుబాబు ఆ పెద్దమనుషులను ముఖం మీదే కడిగేసి బయటికి నడుస్తాడు. చదివినవారికి ఆంగ్ గుర్తుండిపోతాడు గానీ, అంతకన్నా గుచ్చుకోవాల్సింది ఒకటుంది: ఇన్నేళ్లలో ఆ గదిలో ఒక్కరూ ‘ఇక చాలు’ అనలేదు. బడిలో, హాస్టల్లో, ఆఫీసులో ఒక మెతకవాణ్ని ఆడించి ‘సరదాకే కదా’ అనేవాళ్లతోపాటు, చూస్తూ కూర్చున్నవాళ్లనూ నిలదీయాలి. ఎవరూ అండగా నిలవని ఆ నిస్సహాయత తెలంగాణలోని తిరుమలగిరి చుట్టుపక్కల పల్లెలకూ తెలుసు. దొరల గడీల ముందు ‘నీ బాంచన్, కాల్మొక్తా’ అంటూ వంగిన తరాలవి. ఇక్కడ అండ ఆకాశం నుంచి దిగలేదు, ఊళ్లోనే పుట్టింది. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ పంటను విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు ఎత్తుకుపోబోతే ఆంధ్ర మహాసభ సంఘం కార్యకర్తలు అడ్డుపడి ధాన్యాన్ని ఆమె ఇల్లు చేర్చారు. 1946 జులై 4న కడవెండిలో సంఘం కార్యకర్త దొడ్డి కొమరయ్య దేశ్‌ముఖ్ మనుషుల తూటాకు నేలకొరిగాక కూడా ఆ పల్లెల జనం వెనక్కి తగ్గలేదు.