ఉద్ధరణల లెక్క

ఒక గణితజ్ఞుని యోగ్యతను నిర్ణయింపవలసి వచ్చినపుడు నేడు మన విద్యాసంస్థలలో తరచుగా వినవచ్చు ప్రశ్న "ఆయన ఏమి నిరూపించెను?" అనునది కాదు, "ఆయన వ్యాసములు ఎన్ని? వానిని ఇతరులు ఎన్నిమార్లు పేర్కొనిరి?" అనునది. లెక్కించుట సులభము, చదువుట కష్టము. సులభమైన దానినే న్యాయమైనదిగా చాటుకొనుట ఈ పద్ధతిలోని అపచారము.

ఇట్లు పేర్కొనుటను హిందీలో 'ఉద్ధరణ్' అందురు. తెలుగు చెవికి ఆ మాట మరియొక అర్థమును స్ఫురింపజేయును. "నీవు ఉద్ధరించినదేమి?" అని మనవారడుగునది, నీ పేరు ఎన్నిమార్లు వినబడెనని కాదు, నీవలన జరిగిన మేలేమని. గణితజ్ఞుని అడుగవలసినదియు ఈ తెలుగు ప్రశ్నయే.

సంకీర్ణ జ్యామితినే తీసికొందము. సంకీర్ణ సంఖ్యలతో ఏర్పడు తలములను, వానిపై నిలుచు నిర్మాణములను పరిశీలించు శాస్త్రమిది. బొంబాయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థకు చెందిన ఎం. ఎస్. నరసింహన్, సి. ఎస్. శేషాద్రి 1965లో 'ఆనల్స్ ఆఫ్ మాథమాటిక్స్' పత్రికలో ఒక వ్యాసము ప్రకటించిరి. ఆంద్రే వేయ్ 1938లో ఆరంభించిన ఆలోచనను, డేవిడ్ మమ్‌ఫర్డ్ 1962లో ప్రవేశపెట్టిన సుస్థిరతా భావమును అది కలిపెను. రీమాన్ తలముపై నిలుచు సుస్థిరమైన వెక్టార్ బండిళ్లకును, ఆ తలముపై గీయదగిన సంవృత పథముల నుండి పుట్టు సమూహమునకు గల యూనిటరీ ప్రాతినిధ్యములకును నడుమ గల అనురూప్యమును వారు నిరూపించిరి. రెండు భాషల నడుమ ఇంత నిర్దుష్టమైన అనువాదము అనువాదకులమైన మాకు అసూయ గొలుపును.

దాని ఫలము వెంటనే ముగియలేదు. 1983లో అటియా, బాట్‌లు యాంగ్-మిల్స్ సమీకరణముల దృష్టితో ఆ సిద్ధాంతమును పునర్దర్శించిరి. ఆ సంవత్సరమే డొనాల్డ్‌సన్ దానికి నూతన నిరూపణ నిచ్చెను. 1987లో హిచిన్ ఆ బాటను మరింత విస్తరింపజేసెను. హిచిన్ నిర్మాణమునే సాధనముగా గైకొని న్గో బావో చౌ 'మౌలిక లెమ్మా'ను నిరూపించి, 2010లో ఫీల్డ్స్ పతకము నందెను.

పత్రికల ప్రభావసూచికయో, అంతకు ముందటి రెండేండ్లలో వెలువడిన వ్యాసములకు వచ్చిన ఉద్ధరణలనే ప్రధానముగా లెక్కించును. 1965లో నాటిన విత్తు 1983లో పండించిన పంట ఆ గాదెలోనికి రానే రాదు. గాదె చిన్నదైనచో తప్పు పంటది కాదు.

ఎంపిక సంఘములలో ఆశ్రితపక్షపాతము కలదనియు, సంఖ్యకు చుట్టములు లేరనియు కొందరు వాదింతురు. ఆ భయము నిరాధారము కాదు. కాని సంఖ్యకు చుట్టములు లేకున్నను, దానిని పెంచిపోషించువారు కలరు. 2023లో క్లారివేట్ సంస్థ అత్యధికముగా ఉద్ధరింపబడు పరిశోధకుల పట్టిక నుండి గణితశాస్త్రమునే తొలగించెను. వ్యాసములును ఉద్ధరణములును స్వల్పముగా నుండు ఈ రంగమున, కొద్దిమంది కూడబలుక్కొన్నచో అంకెలు తారుమారగునని దాని కారణము. ఉద్ధరణ గణాంకములనే నమ్ముట తగదని అంతర్జాతీయ గణిత సమాఖ్య ఇతర సంస్థలతో కలిసి 2008లోనే ఒక నివేదికలో హెచ్చరించెను.

మన దేశమున విశ్వవిద్యాలయ నిధుల సంఘము 2010లో చేసిన నియమములు వ్యాసమునకు ఇన్ని మార్కులని విధించెను. 2016 నుండి వెలువడుచున్న జాతీయ సంస్థల ర్యాంకులలోను ప్రచురణలు, ఉద్ధరణలు లెక్కకు వచ్చుచున్నవి. దీని ఫలము యువకుని మీద పడును. ఐదేండ్లు ఒకే సమస్యతో పెనగులాడ సాహసింపవలసినవాడు, ఒక సిద్ధాంతమును మూడు ముక్కలు చేసి మూడు పత్రికలకు పంపును. లెక్క పెరుగును, గణితము పెరుగదు.

కావున నేను కోరునది స్వల్పము. అభ్యర్థి తన వ్యాసములలో ఉత్తమములని తలచిన రెండింటిని ఇయ్యవలెను. సంఘ సభ్యులలో ఒకరైనను వానిని చదివి, అందు నిరూపితమైనదేమో, అది ఏల విలువైనదో ఒక పుటలో వ్రాసి, క్రింద సంతకము చేయవలెను. ఆ తీర్పు పక్షపాతముతో కూడినదైనచో వేరొకరు ఖండింపవచ్చును. అంకె క్రింద ఎవరి సంతకమును ఉండదు; అందుచేతనే అది అంత ప్రియమైనది, అంత ప్రమాదకరమైనది.